సంఖ్యలకు ఇత్తడి జల్లెడ

708158977 ప్రధాన సంఖ్య, అంటే 1తోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడనిది. ఈ సంగతిని కాగితం మీద తేల్చాలంటే దాని వర్గమూలం దాకా, అనగా 26611 వరకు గల దాదాపు 2,900 ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించి చూడవలసి ఉంటుంది. ఫ్రెంచి సైనికాధికారి యూజీన్ కారిస్సాన్ 1919లో చేయించిన యంత్రం, మోటారు లేకుండా చేతితో పిడి తిప్పగా, దీన్ని పది నిమిషాల్లో తేల్చింది.

భాగహారానికి బదులు వర్గాలను వెదకడం ఇటువంటి లెక్కల్లో పాత ఉపాయం. ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకటికి మించిన విధాల్లో రాయలేం: 13ను 4+9 అని ఒకే విధంగా రాయగలం. 65ను 1+64గానూ 16+49గానూ రాయవచ్చు గనుక అది ప్రధాన సంఖ్య కాదని, 5, 13 దాని కారణాంకాలని బయటపడుతుంది. అయితే పెద్ద సంఖ్యలో ఆ వర్గాలను పట్టడమెలా? వర్గ సంఖ్యలు 0, 1, 4, 5, 6, 9 అంకెలతోనే ముగుస్తాయి. 708158977 చివర 7 ఉంది గనుక, అది రెండు వర్గాల మొత్తమైతే వాటిలో ఒకటి 1తోనూ రెండవది 6తోనూ ముగియక తప్పదు, కాబట్టి వర్గం చేయవలసిన సంఖ్య చివర 1, 4, 6, 9 తప్ప మరో అంకె ఉండదు. పదింట ఆరు ఆదిలోనే రాలిపోయాయి. చివరి అంకె అంటే 10తో భాగించగా వచ్చే శేషమే. ఇదే పరీక్షను ఇతర భాజకాలతోనూ చేయవచ్చు.

కారిస్సాన్ యంత్రంలో ఒకదానిలో ఒకటి ఇమిడిన పద్నాలుగు ఇత్తడి వలయాలున్నాయి. ఒక్కో వలయం ఒక్కో భాజకానిది; అన్నిటికన్నా చిన్న భాజకం 19, పెద్దది 59. ప్రతి వలయం మీద ఆమోదయోగ్యమైన శేషాలను సూచించే గుబ్బలకు గుర్తు పెట్టి పిడి తిప్పితే, అన్నీ కలిసి ఒక్కొక్క గుబ్బ చొప్పున జరుగుతూ, సెకనుకు 35 నుంచి 40 సంఖ్యలను దాటిస్తాయి. గుర్తులన్నీ ఒకే వరుసకు వచ్చినప్పుడు చెవికి తగిలించుకున్న టెలిఫోను రిసీవరులో చిన్న శబ్దం వినిపిస్తుంది. ఒక్కో వలయం సగాన్ని తోసివేస్తుందనుకున్నా, పద్నాలుగూ దాటి నిలిచేది సుమారు పదహారు వేలలో ఒకటి. నిలిచినదాన్ని మాత్రం మనిషే లెక్కగట్టి చూసుకోవాలి, ఎందుకంటే జల్లెడలో మిగిలినదంతా గింజే కానక్కరలేదు. 3570537526921ను 841249, 4244329 అనే కారణాంకాలుగా విడగొట్టడానికి ఈ యంత్రానికి 18 నిమిషాలు పట్టింది.

1925లో కారిస్సాన్ మరణించాక యంత్రం మరుగున పడింది. అమెరికాలో గణితవేత్త డి. హెచ్. లెమర్ సైకిలు గొలుసులతో కట్టిన జల్లెడకు వచ్చిన పేరులో కొంతైనా దీనికి రాలేదు. దశాబ్దాల తరువాత షాలిట్, విలియమ్స్, మొరైన్ అనే ముగ్గురు పరిశోధకుల అన్వేషణ ఫలించి, అది బోర్డో సమీపాన ఫ్లువారాక్ ఖగోళ వేధశాలలో బయటపడింది. అక్కడి నుంచి పారిస్‌లోని కళలు, వృత్తుల జాతీయ సంస్థకు చేరింది.