మందుకన్నా ముందే పుట్టిన కణం

'మందు పనిచేసింది, గడ్డ కరిగిందన్నారు కదా... మరి మళ్లీ ఎందుకొచ్చినట్టు?' నల్గొండ నుంచో పాలమూరు నుంచో పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లే కుటుంబాలను వేధించే ప్రశ్నల్లో ఇదొకటి. దీనికి డాక్టర్ల దగ్గరే కాదు, లెక్కలవాళ్ల దగ్గరా కొంత జవాబుంది!

ఒక కణం రెండవుతుంది. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది... ఇలా 30 సార్లు రెట్టింపైతే 107 కోట్లు! అంటే సుమారు సెంటీమీటరు గడ్డ. చీలిన ప్రతిసారీ కణం తన డీఎన్‌ఏకు నకలు తీసుకోవాలి. అందులో దొర్లే తప్పులే మ్యుటేషన్లు. చాలా తప్పుల వల్ల కణానికి లాభమూ లేదు, నష్టమూ లేదు. అచ్చం మన ఇంటిపేర్లలా. ఇంటిపేరును బట్టి చేను ఎక్కువ పండదు, తక్కువా పండదు. కానీ పిల్లలకు, వాళ్ల పిల్లలకు దిగుతూ పోతుంది. ఊరు కట్టిన తొలినాళ్లలో వచ్చినవాళ్ల ఇంటిపేరు సగం గడపల్లో వినిపిస్తుంది. మొన్నొచ్చినవాళ్లది ఒకటి రెండు గడపలకే.

కణాల్లోనూ అంతే. కొత్త కణానికో తప్పు చొప్పున వేసుకుంటే, సగం కణాల్లో కనిపించేవి రెండు, పావు వంతులో కనిపించేవి నాలుగు, ఎనిమిదో వంతులో ఎనిమిది. ట్రెవర్ గ్రాహం, ఆండ్రియా సొటోరివా బృందం 2016లో 14 రకాలకు చెందిన 904 క్యాన్సర్లను ఈ కొలతతో చూస్తే 323 సరిపోయాయి. వాటిలో గడ్డ మొలిచాక ఏ కణమూ మిగతావాటిని మించి పరుగెత్తలేదన్నమాట. దీనిపై వాదనలూ గట్టిగానే నడిచాయనుకోండి!

అసలు మెలిక ఇక్కడుంది. ఇవాళ ఎందుకూ పనికిరాని తప్పు, రేపు మందు పడగానే కవచం కావచ్చు. తట్టుకునే గుణం దెబ్బ పడ్డాక కాదు, ముందే పుడుతుందని 1943లోనే లూరియా, డెల్‌బ్రుక్ బ్యాక్టీరియాపై లెక్కగట్టి చూపారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రయోగశాల నుంచి వెళ్లిన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకిచ్చారు. 1948 నాటి నివేదికలో 16 మందిలో పదిమంది తేరుకున్నారు. అయితే ఆ ఊరట తాత్కాలికమే.

ఒక మందును కోటి కణాల్లో ఒకటి తట్టుకుంటుందనుకుందాం. 107 కోట్ల గడ్డలో అలాంటివి వందకు పైనే! రెండు వేర్వేరు మందులనూ తట్టుకోవాలంటే కోటి కోట్లలో ఒకటి. ఆ గడ్డలో అది ఉండే అవకాశం దాదాపు లేనట్టే. పిల్లల ల్యుకేమియాకు నేడు పలు మందులు కలిపి ఇవ్వడం వెనకున్న తర్కం ఇదే. అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాటిలో ఒకటి.