సరకు నడపు సంస్థకు సారథి నెన్నుకొనుట



మదనపల్లె టమాటా మార్కెట్టు మన దేశములోని పెద్ద మార్కెట్టులలో నొకటి. అచ్చటి సరకు బెంగుళూరు, చెన్నపట్టణములకేగాక ఉత్తరదేశపు నగరములకును లారీలమీద పోవుచున్నది. కుప్పమునకు రైలుమార్గము గలదు. పుంగనూరునకు రోడ్డే దిక్కు. 2023వ సంవత్సరము జూలైలో మదనపల్లెయందు కిలో టమాటా ధర నూరు రూపాయలు దాటినది. కోతకూలియైన గిట్టక పంటను రోడ్డుప్రక్కన పాఱబోసిన దినములును మనమెఱుగుదుము. ధర మన చేతిలోనిది కాదు. సరకు చెడకుండ వేళకు చేరుట మాత్రము చాలవఱకు మనుష్యయత్నముపై నాధారపడియున్నది. ఆ యత్నమును నడపు ముఖ్యుని నెట్లెన్నుకొనవలెననునదియే నేటి ప్రసంగవిషయము.

ఇది పట్టణములలోని కంపెనీలకు సంబంధించిన మాటయని తలంపరాదు. 2003 నుండి రైతులు తమలో తాము ఉత్పత్తిదారుల కంపెనీగా నేర్పడుటకు చట్టము వీలు కల్పించినది. పదిమంది ఉత్పత్తిదారులు కూడిన చాలును. బోర్డులో ఐదుగురికి తక్కువ గాక, పదునైదుగురికి మించక డైరెక్టర్లుందురు. ఆ బోర్డు పూర్తికాలము పనిచేయు ముఖ్య కార్యనిర్వహణాధికారిని నియమింపవలెను; అతడు కంపెనీ సభ్యుడు కారాదు. ఈ నియమములోని మేలు సులభముగా గ్రహింపవచ్చును. కోత ముగించిన ప్రతివాడును తన పెట్టెలే ముందు లారీ కెక్కవలెనని కోరును. వరుస నిర్ణయించువానికి తన పొలము అందులో లేకుండుట మంచిది. 2020లో ఆరంభమైన కేంద్రప్రభుత్వ పథకముక్రింద నేర్పడిన సంఘములకు, మొదటి మూడేండ్లు ఈ యధికారి జీతమునకై నెలకు 25,000 రూపాయల వఱకు సాయము గలదు.

పెద్దసంస్థలు ముఖ్యుల నెన్నుకొను పద్ధతు లనేకములు. 1932లో 27 బస్సులతో నిజాము రాజ్యమున మొదలైన రోడ్డు రవాణాశాఖ మూలముగా 1958లో నేర్పడిన మన ఆర్.టి.సి.కి మేనేజింగు డైరెక్టరును రాష్ట్రప్రభుత్వమే నియమించును. కేంద్రప్రభుత్వ సంస్థయైన కంటెయినర్ కార్పొరేషను వంటివానికి ప్రత్యేకమైన యెంపికమండలి అభ్యర్థులను పిలిచి ప్రశ్నించి సిఫారసు చేయును. ప్రైవేటు కంపెనీలు కొన్ని ఈ పనిని అన్వేషణసంస్థల కప్పగించి, క్రొత్త యధికారి మొదటి యేటి జీతములో సుమారు నాల్గవవంతు మొదలు మూడవవంతు వఱకు ప్రతిఫలమిచ్చుట వాడుక. మనకంత వ్యయ మక్కఱలేదు. పద్ధతిని గ్రహించిన చాలును. ముందు పని యేమో వ్రాసికొని, పిమ్మట మనిషిని వెదకుటయే ఆ పద్ధతి.

మనిషిని కొలుచుటకు అతడు చేసిన పనికంటె మంచి కొలత లేదు. 1964లో తుపాను పాంబను వంతెనను పడగొట్టగా, దానిని 46 దినములలో బాగుచేయించిన యింజనీరు శ్రీధరన్ గారు. 1990లో వారు రైల్వే యుద్యోగమునుండి విరమించినను, కొంకణ రైలుమార్గ నిర్మాణమునకు ప్రభుత్వము వారినే ముఖ్యునిగా నియమించినది. వయస్సు చూడలేదు; పని చూచినది.

కావున మీ యెదుటికి వచ్చిన అభ్యర్థిని పట్టాలతోపాటు ఈ మూడు ప్రశ్నలును అడుగుడు. అర్ధరాత్రి మొగిలి ఘాటులో టమాటా లారీ నిలిచిపోయినచో మొదట నేమి చేయుదువు? మరమ్మతు సంగతి మొదట నెత్తువాడు బండిని చూచినవాడు. చిత్తూరునుండి వేఱొక లారీని పిలిపించి, కొనుగోలుదారునకు కబురుచేయుదునని చెప్పువాడు సరకును చూచినవాడు. రెండవది: చెన్నపట్టణమునుండి లారీ వట్టిగా తిరిగివచ్చిన, ఆ డీసెలు ఖర్చంతయు టమాటాపైననే పడును; తిరుగుప్రయాణమున కేమి సరకు కుదుర్తువు? మూడవది: డ్రైవరుచేత సాధారణముగా దినమునకు ఎనిమిది గంటలకు, వారమునకు నలుబదియెనిమిది గంటలకు మించి పని చేయింపరాదు, ఆలస్యమైన రాత్రి ఏమి చేయుదువు? "ఎట్లయినను నడిపింతు"నను వానికి మన బండ్లనుగాని, మన బిడ్డలనుగాని అప్పగింపరాదు.

పిదప అతడు మునుపు పనిచేసిన చోటికి పోయి, యజమానినేగాక డ్రైవర్లను, హమాలీలను, గుమాస్తాలను కూడ విచారింపుడు. కూలి వేళకిచ్చెనా, పోయిన పెట్టెలకు లెక్క చెప్పెనా యన్నది వారికే బాగుగా తెలియును.

ఇక కష్టమైన మాట యొకటి. డైరెక్టరుగారి మేనల్లుడును దరఖాస్తు పెట్టవచ్చును. బంధుత్వము దోషము కాదు. పరీక్ష లేకుండుట దోషము. అతనినిగూడ ఆ ప్రశ్నలే అడుగవలెను. ఆ సమయమున ఆ డైరెక్టరుగారు వెలుపల నుండవలెను. పెద్దమనిషి మొగము చూచి కాదనలేక ఇచ్చిన పదవికి మూల్యమును పేదరైతు కుళ్లిన పంటతో చెల్లించును.

ఎన్నుకొన్న పిమ్మట అతనికి అధికార మీయుడు. ప్రతి లారీ విషయమున పదునైదుగురు పదునైదు ఆజ్ఞలిచ్చిన నెవడును పనిచేయజాలడు. అధికారముతోపాటు గడువును లెక్కయు నుండవలెను. సాధారణ కంపెనీలలో మేనేజింగు డైరెక్టరునైనను ఒక్కమాఱు ఐదేండ్లకు మించి నియమింపరాదని చట్టము. ఎన్ని లారీలు వేళకు చేరెను, ఎన్ని పెట్టెలు చెడెను, ఎన్ని బండ్లు వట్టిగా తిరిగెను: ఈ మూడు లెక్కలను నెలనెల సభలో చదివించుకొనుడు. ఎన్నుకొనునాడు కలుగు మొగమాటము ఒక గడియ. దాని నష్టము ప్రతి కోతకును వచ్చును. ఈ మాటను మీ తదుపరి బోర్డు సమావేశమున జ్ఞప్తియందుంచుకొన గోరుచు సెలవు గైకొనుచున్నాను.