దుమ్ములో పనిచేసే రైతులు ఊపిరితిత్తుల పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి?

వరి నూర్పిడి, మిరప కల్లాలు, గడ్డివాము వేయడం, కోళ్ల షెడ్డు శుభ్రం చేయడం వంటి పనుల్లో రైతులు, కూలీలు గంటల తరబడి దుమ్ము పీలుస్తారు. తర్వాత దగ్గు, ఆయాసం వస్తే వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. ఊపిరితిత్తుల శక్తి కొంత తగ్గినా రోజువారీ పనులు సాగిపోతాయి కాబట్టి, చాలా నష్టం జరిగాకే విషయం తెలుస్తుంది. తొలిదశ ఉబ్బసం, సి.ఓ.పి.డి. ఛాతీ ఎక్స్-రేలో కనిపించకపోవచ్చు. వీటిని గుర్తించడానికి స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష చేస్తారు.

ఊపిరితిత్తుల్లో ఎంత గాలి పడుతుంది?

ఆరోగ్యవంతుడైన మగవారు నిండుగా గాలి పీలిస్తే ఊపిరితిత్తుల్లో సుమారు 6 లీటర్లు పడుతుంది. ఆడవారిలో, ఎత్తు తక్కువ ఉన్నవారిలో ఇది తగ్గుతుంది.

• మామూలుగా కూర్చున్నప్పుడు ఒక్కో శ్వాసలో పీల్చేది సుమారు అర లీటరు మాత్రమే.
• నిండుగా పీల్చి పూర్తిగా వదిలితే బయటికి వచ్చే గాలిని వైటల్ కెపాసిటీ అంటారు. ఇది 4.5 నుంచి 5 లీటర్ల వరకు ఉంటుంది.
• ఎంత ఊదినా లోపలే మిగిలిపోయే గాలి 1 లీటరుకు పైగా ఉంటుంది. దీన్ని స్పైరోమెట్రీ కొలవలేదు. అవసరమైతే పెద్ద ఆసుపత్రుల్లో వేరే పరీక్ష చేస్తారు.

పరీక్ష ఎలా చేస్తారు?

ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టాన్ని పెదవులతో బిగించి పట్టుకోమంటారు. నిండుగా పీల్చి, ఒక్కసారిగా బలంగా, ఇక గాలి రాదనే వరకు ఊదాలి. ఇలా కనీసం 3 సార్లు చేయిస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు. మొహమాటపడి మెల్లగా ఊదితే ఫలితం తప్పుగా వస్తుంది.

రిపోర్టు ఎలా అర్థం చేసుకోవాలి?

రిపోర్టులో రెండు అంకెలు ముఖ్యం. మొత్తం ఊదిన గాలి ఎఫ్.వి.సి. అందులో మొదటి సెకనులో వచ్చింది ఎఫ్.ఇ.వి.1. ఆరోగ్యవంతులు మొదటి సెకనులోనే 70 నుంచి 80 శాతం గాలి వదిలేస్తారు.

• మొత్తం 3 లీటర్లు ఊది, మొదటి సెకనులో 1.5 లీటర్లే వస్తే అది 50 శాతం. అంటే గాలి గొట్టాలు ఇరుకైనట్లు. ఉబ్బసం, సి.ఓ.పి.డి.లో ఇలా ఉంటుంది. ఇన్‌హేలర్ ఇచ్చి, కాసేపయ్యాక మళ్లీ ఊదిస్తారు. బాగా పెరిగితే ఉబ్బసం అయ్యే అవకాశం ఎక్కువ.
• మీ వయసు, ఎత్తుకు 3.4 లీటర్లు రావలసింది 2 లీటర్లే వచ్చి, అందులో 1.7 లీటర్లు మొదటి సెకనులోనే వస్తే, ఊపిరితిత్తులు సరిగా సాగడం లేదేమోనని అనుమానించాలి. బూజు పట్టిన గడ్డి దుమ్ము వల్ల వచ్చే 'ఫార్మర్స్ లంగ్' జబ్బులో ఇలా ఉండవచ్చు.

ఎవరు చేయించుకోవాలి?

• దుమ్ము పనిలో ఉన్నప్పుడు ఆయాసం, పిల్లికూతలు వచ్చి, సెలవు రోజుల్లో తగ్గేవారు.
• బూజు గడ్డి కదిపిన 4 నుంచి 8 గంటల్లో చలిజ్వరం, దగ్గు, ఆయాసం వచ్చేవారు. దీన్ని మలేరియా అనో, ఫ్లూ అనో పొరబడే అవకాశం ఉంది. డాక్టరుకు గడ్డి పని సంగతి తప్పక చెప్పండి.
• బీడీ, చుట్ట తాగేవారు, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి మీద వండే ఆడవారు, దగ్గు, ఆయాసం ఉంటే.

దగ్గు 2 వారాలు దాటితే ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేసే టి.బి. కళ్లె పరీక్ష చేయించుకోండి. స్పైరోమెట్రీ ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని ఊపిరితిత్తుల విభాగంలో అడగండి.

పరీక్షకు ముందు

• కడుపు నిండా తినవద్దు, వదులైన బట్టలు వేసుకోండి.
• పరీక్షకు కనీసం గంట ముందు నుంచి పొగ తాగవద్దు.
• వాడే ఇన్‌హేలర్ ఎప్పుడు ఆపాలో డాక్టరునే అడగండి.
• ఇటీవల గుండెపోటు, కంటి, ఛాతీ లేదా పొట్ట ఆపరేషన్, దగ్గులో రక్తం ఉంటే ముందే చెప్పండి.

పొలంలో జాగ్రత్తలు

• గడ్డిని బాగా ఆరబెట్టాకే వాము వేయండి. బూజు గడ్డిని కదిపే ముందు నీళ్లు చల్లండి.
• నూర్పిడి యంత్రం దగ్గర గాలికి ఎదురుగా కాకుండా, గాలి వచ్చే వైపు నిలబడండి.
• తువ్వాలు సన్నని దుమ్మును ఆపదు. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్-95 మాస్క్ వాడండి. పురుగుమందుల ఆవిరిని ఇది ఆపదు, దానికి కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి.

సి.ఓ.పి.డి.లో పోయిన ఊపిరితిత్తుల శక్తి తిరిగి రాదు. ముందే తెలిస్తే మిగిలినదాన్ని కాపాడుకోవచ్చు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, పెదవులు నీలంగా మారినా పరీక్ష కోసం ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.