చలిజ్వరమా, టైఫాయిడా: పసరు మందుకు అందని తేడా

వానలు పడ్డాక తెలుగు పల్లెలను, ముఖ్యంగా పాడేరు, అరకు ప్రాంతాల మన్యాన్ని పట్టి పీడించే మలేరియా, టైఫాయిడ్ జ్వరాలకు పుట్టుక వేరు, నడక వేరు, చికిత్స వేరు అయినప్పటికీ, మొదటి కొద్ది రోజులు రెండూ ఒకే తీరుగా కనిపించడం వల్ల ఇంటివారే కాక వైద్యులు సైతం పొరబడే అవకాశం ఉంది. మలేరియా ఆడ అనాఫిలిస్ దోమ కాటుతో ఒంట్లోకి చేరే ప్లాస్మోడియం అనే పరాన్నజీవి వల్ల, అంటే మరొక ప్రాణి శరీరాన్ని ఆశ్రయించి బతికే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. టైఫాయిడ్ మలంతో కలుషితమైన నీటి ద్వారా, తిండి ద్వారా పేగుల్లోకి చేరే సాల్మొనెల్లా టైఫి అనే బాక్టీరియా వల్ల వస్తుంది. అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ మొదటిదాన్ని, జర్మన్ శాస్త్రవేత్త ఎబర్త్ రెండోదాన్ని 1880లోనే గుర్తించారు. అంతకు రెండు దశాబ్దాల ముందు, అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసిన సైనిక వైద్యులు ఈ రెండింటినీ విడదీయలేక 'టైఫో-మలేరియా జ్వరం' అనే ఉమ్మడి పేరును వాడారు. మలేరియాను మోసేది దోమేననడానికి కీలకమైన ఆధారం 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, రొనాల్డ్ రాస్ కోసి చూసిన దోమ కడుపులో దొరికింది.

సూక్ష్మజీవుల ఊసు లేని కాలంలోనే ఆయుర్వేదం జ్వరం నడకను ఎంతో శ్రద్ధగా గమనించింది. వచ్చి, విడిచి, మళ్లీ వచ్చే జ్వరాలను విషమజ్వరాలని పిలిచి, రోజుకొకసారి వచ్చేదాన్ని అన్యేద్యుష్కమనీ, రోజు విడిచి రోజు వచ్చేదాన్ని తృతీయకమనీ, రెండు రోజులు విడిచి వచ్చేదాన్ని చతుర్థకమనీ విభజించింది. ప్లాస్మోడియం వైవాక్స్ దాదాపు 48 గంటలకొకసారి, మలేరియే అనే జాతి 72 గంటలకొకసారి ఎర్రరక్తకణాలను చిట్లగొట్టుకుని గుంపుగా బయటపడతాయనీ, ఆ సమయంలోనే దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, ఆపై ఒళ్లు కాలిపోయే వేడి, చివరికి ఒళ్లంతా తడిపేసే చెమట వరుసగా వస్తాయనీ తెలిశాక, ఆ పాత విభజన ఎంత నిశితమైనదో స్పష్టమైంది. జ్వరం పదేపదే తిరగబెట్టినవారికి ప్లీహం వాచి ఎడమ డొక్కలో గట్టిగా చేతికి తగులుతుంది; పల్లెల్లో దీన్నే కడుపులో బల్ల పెరిగిందంటారు. అయితే ఫాల్సిపారం అనే మరో జాతి వల్ల వచ్చే ప్రాణాంతకమైన మలేరియాకు ఇంత చక్కని లెక్క ఉండదు. అది రోజంతా జ్వరంగానే సాగి మెదడుకు పాకవచ్చు.

ఆయుర్వేద వైద్యులు మంథర జ్వరమనీ ఆంత్రిక జ్వరమనీ చెప్పే టైఫాయిడ్ తీరు వేరు. చలి, వణుకు అంతగా లేకుండానే జ్వరం రోజురోజుకూ మెట్టు మెట్టుగా పెరిగి, వారం తిరిగేసరికి దిగకుండా నిలిచిపోతుంది. తలనొప్పి, నాలుకపై తెల్లని పూత, కడుపునొప్పి, మలబద్ధకం లేదా విరేచనాలు, మనిషి మందకొడిగా పడి ఉండడం దీని గుర్తులు. చికిత్స అందకపోతే మూడో వారంలో పేగుకు చిల్లు పడవచ్చు, లేదా రక్తస్రావం కావచ్చు.

ఈ జ్వరాలకు తెలుగువారు వాడిన మూలికలలో నేలవేము, తిప్పతీగ, వేప, ఏడాకులపాల, మిరియాలతో నూరి ఇచ్చే గచ్చకాయ పప్పు ముఖ్యమైనవి. ఇవి పనిచేశాయన్న నమ్మకం బలపడడానికి మలేరియా స్వభావమే ఒక కారణం. వణుకు వచ్చిన సాయంత్రం పసరు తాగిన మనిషికి మర్నాడు జ్వరం ఉండదు. ఆ రోజు ఏ మందూ తాగకపోయినా ఉండదు. ఎన్నోసార్లు మలేరియా సోకినవారికి కొంత రోగనిరోధక శక్తి ఏర్పడి జ్వరం తనంతట తగ్గినప్పుడు కూడా ఆ ఘనత మూలికకే దక్కింది. ఏడాకులపాల, గచ్చకాయ తదితరాలతో కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి రూపొందించిన ఆయుష్-64 మాత్రలను వైవాక్స్ రోగులపై ఆధునిక మలేరియా మందు క్లోరోక్విన్‌తో పోల్చి చూసినప్పుడు, క్లోరోక్విన్ తీసుకున్నవారందరికీ నయం కాగా, ఆయుష్-64 తీసుకున్నవారిలో దాదాపు సగం మందికే నయమైంది. ప్రాణం తీయగల జ్వరం విషయంలో సగం సరిపోదు.

అంతమాత్రాన మూలికల జ్ఞానమంతా వృథా అనడం తప్పు. నేటి ప్రధాన మలేరియా మందు ఆర్టెమిసినిన్ ఒక మొక్క నుంచే వచ్చింది. చైనా శాస్త్రవేత్త తూ యూయూ నాలుగో శతాబ్దానికి చెందిన గె హోంగ్ వైద్యగ్రంథంలో, చింగ్‌హావ్ మొక్కను నీటిలో నానబెట్టి పిండి ఆ రసం తాగాలని ఉండడం గమనించి, మరిగించే కషాయంలో మందు గుణం నశిస్తుందేమోనని ఊహించి, తక్కువ ఉష్ణోగ్రతలో ఈథర్‌తో సారం తీసి 1971లో విజయం సాధించారు. ఆ కృషికి 2015లో నోబెల్ బహుమతి లభించింది. అయినా ఆ మొక్క ఆకులతో కాచిన టీని మలేరియా చికిత్సగా వాడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. అందులో మందు మోతాదు ఆకు ఆకుకూ మారడమే కాక, చాలీచాలని మోతాదు వల్ల పరాన్నజీవి మందుకు లొంగని స్థితికి చేరే ప్రమాదం ఉంది.

టైఫాయిడ్ విషయంలో మూలికలకు ఈపాటి ఆధారం కూడా లేదు. ఇక్కడ జరిగే అసలు నష్టం కాలయాపన. రక్తాన్ని కల్చర్ చేసి, అంటే అందులోని బాక్టీరియాను పెంచి చూసి వ్యాధిని నిర్ధారించడానికి అనువైన మొదటి వారం కషాయాలతోనే గడిచిపోతుంది. దానికి తోడు జ్వరమని చేయించే మూడు వారాల లంఖణం క్షీణించిన శరీరాన్ని మరింత కుంగదీస్తుంది. మెత్తని అన్నం, గంజి, మజ్జిగ వంటి తేలికపాటి ఆహారం ఇవ్వడమే మేలు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికలలో నమోదైనందున, అసలే కాలేయంపై ప్రభావం చూపే ఈ జ్వరాలలో దాన్ని సొంతంగా వాడడం క్షేమం కాదు.

లక్షణాలు అనుమానానికి మాత్రమే పనికివస్తాయి, నిర్ధారించవలసింది రక్తపరీక్షే. మలేరియాను సూక్ష్మదర్శిని కింద రక్తపు పూతలో గానీ, కొద్ది నిమిషాల్లో ఫలితమిచ్చే కిట్టుతో గానీ తేల్చవచ్చు. టైఫాయిడ్‌కు విరివిగా చేయిస్తున్న వైడాల్ పరీక్ష 1896 నాటిది. పాత ఇన్‌ఫెక్షన్ వల్ల, కొన్నిసార్లు మలేరియా వల్ల కూడా అది పాజిటివ్ రావచ్చు గనుక, ఒక్క వైడాల్ కాగితాన్ని బట్టి 'రెండు జ్వరాలూ కలిసి వచ్చాయి' అని రెండింటికీ మందులు మింగించడం సమంజసం కాదు. వైవాక్స్ మలేరియాలో మూడు రోజుల క్లోరోక్విన్‌తో జ్వరం తగ్గినా, కాలేయంలో దాగిన పరాన్నజీవులను తొలగించే ప్రైమాక్విన్‌ను వైద్యుల పర్యవేక్షణలో 14 రోజులూ పూర్తి చేయాలి. టైఫాయిడ్‌కు తగిన యాంటీబయాటిక్ మొదలుపెట్టాక కూడా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టవచ్చు. మందు పనిచేయలేదని మధ్యలో ఆపరాదు. నివారణకు దోమతెర, కాచి చల్లార్చిన నీరు ఉండనే ఉన్నాయి. టైఫాయిడ్‌కు హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన, ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన టీకా కూడా ఉంది.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో మలేరియా పరీక్ష ఉచితం. మన్యం గ్రామాల్లో ఆశా కార్యకర్తల వద్ద కిట్లు ఉంటాయి. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, ముఖ్యంగా పసిపిల్లలకు, గర్భిణులకు వచ్చినప్పుడు, మర్నాడు విడుస్తుందేమోనని ఎదురుచూడకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి.