చెరువు గట్టున టీవీ గాజు

పాత సామాన్లు కొంటామంటూ మైకు వినపడగానే ఇళ్లలోంచి ఏమేమి బయటికొస్తున్నాయో గమనించారా? ఒకప్పుడు చిల్లుపడ్డ బిందెలు, తుప్పు పట్టిన నాగళ్లు వచ్చేవి. ఇప్పుడు వెనుక భాగం ఉబ్బెత్తుగా ఉండే పాత టీవీలు, మూగబోయిన సెల్‌ఫోన్లు, సెట్‌టాప్ బాక్సులు, కాలిపోయిన మోటారు స్టార్టర్లు వస్తున్నాయి. చేతికి నాలుగు డబ్బులొచ్చాయి, మూల ఖాళీ అయింది అనుకుని తలుపు వేసుకుంటున్నాం. అసలు తంతు ఆ తర్వాత ఊరి చివర జరుగుతోంది.

కొన్న మనిషికి కావలసింది రాగి. టీవీ గొట్టం మెడకు ఉన్న రాగి చుట్ట కోసం రాయి పెట్టి కొడతాడు. లోపల గాలి లేని గొట్టం కనుక పేలినట్టు పగులుతుంది. ముక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. రాగి సంచిలోకి, గాజు చెరువు గట్టు మీదికి చేరతాయి. ప్లాస్టిక్ తొడుగు పోవడానికి వైర్లకు నిప్పు పెడితే ఆ నల్లటి పొగలో డయాక్సిన్లనే విషాలు పుడతాయి.

గాజులో సీసం

పెద్ద టీవీ గొట్టం గాజులో కిలోకు పైగా సీసం ఉంటుంది. గాజు నలిగి దుమ్మయితే అది మట్టిలోకి, నీటిలోకి చేరుతుంది. ఆ గట్టునే పిల్లలు ఆడుకుంటారు, గొడ్లు మేస్తాయి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. రక్తంలో ఇంత వరకు ఉంటే ఫర్వాలేదన్న హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది.

తప్పంతా పాత సామాన్ల వాడిదే అనడానికి వీల్లేదు. అందరికంటే ముందు ఆ పొగ పీల్చేది అతడే. బట్టలకంటిన దుమ్ము అతడి ఇంట్లో పిల్లలకూ చేరుతుంది. కాల్చిన రాగి నల్లబడి ధర తగ్గుతుంది. చాకుతో ఒలిచిన మెరిసే రాగికే గిరాకీ ఎక్కువ. ఈ మాట అతడికి చెప్పేవారుండాలి.

మనం చేయగలిగింది

2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఇలాంటి సామాను రిజిస్టరైన రీసైక్లింగ్ కేంద్రాలకే చేరాలి. ఆ ఏర్పాటు చూడవలసింది తయారీదారులు. చెత్తలో కలిసిన వాటిని వేరు చేయించే బాధ్యత స్థానిక సంస్థలపై ఉంది. కేంద్రాల జాబితా కాలుష్య నియంత్రణ మండలి వద్ద దొరుకుతుంది.

ఒక్క ఇంటి టీవీ కోసం ఎవరూ ఊరికి రారు. ఊరంతటి సామాను పంచాయతీ షెడ్డులో వాన తగలకుండా పోగు చేస్తే పిలిపించడం సులువు. సర్పంచులు, కార్యదర్శులు ఇందుకు పూనుకోవాలి. అంతవరకు ఏ వస్తువునూ పగలగొట్టవద్దు, కాల్చవద్దు. ఉబ్బిన ఫోను బ్యాటరీని పొడిస్తే అంటుకుంటుంది. ట్రాక్టరు, ఇన్వర్టర్ బ్యాటరీల యాసిడ్‌ను కాలువలో పారబోయక, కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని దుకాణంలోనే ఇచ్చి ధర తగ్గించుకోవచ్చు.

టీవీ ఒక పూటలో ఇల్లు దాటుతుంది. పగిలిన గాజులోని సీసం మాత్రం ఊరు దాటిపోదు.