కొమ్ములో స్వరం ఎక్కడుంటది?

మా సిద్దిపేట పెళ్లి బ్యాండ్లలో ట్రంపెట్‌కి మూడు వాల్వులుంటయి. మేడారం జాతరలో డోలీతో పాటు మోగే తూతకొమ్ముకు అవి లేవు, పిల్లనగ్రోవి లెక్క రంధ్రాలూ లేవు. మరి స్వరం ఎట్ల మారుతది?

కొమ్ము పుట్టుక దాని పేరులోనే ఉంది. మొదట జంతువు కొమ్మునే ఊదారు, తర్వాత ఆ వంపు ఇత్తడిలోకి వచ్చింది. ఇక్కడ కంపించేవి ఊదేవాళ్ల పెదవులే. వాటిని బిగిస్తే లోపలి గాలి పై హార్మోనిక్‌కి దూకుతుంది. గొట్టం పొడవు మారదు కాబట్టి మధ్య స్వరాలు దొరకవు.

ఆర్కెస్ట్రాలోని హార్న్‌దీ మొదట ఇదే పరిస్థితి. బెర్లిన్‌లో 1818లో వాల్వుకు పేటెంట్ వచ్చింది. అంతకుముందు మధ్య స్వరాల కోసం హార్న్ మూతిలో చెయ్యి పెట్టి ఊదేవాళ్లు.

అందుకే కొమ్మును ఉత్త చప్పుడు అంటే నేను ఒప్పుకోను. ఉన్న కొద్ది స్వరాలను పెదవులతోనే పట్టాలి. ఆ పట్టు తెలిసినవాళ్ల దగ్గర మనం ఇప్పుడే నేర్చుకోవాలి.