పచ్చడి సీసా మీద ఎవరి పేరు?

చిన్న వ్యాపారానికి సామాజిక మాధ్యమాలను మించిన ఆసరా లేదన్న మాట ఈ మధ్య తరచూ వినబడుతోంది. దుకాణం అద్దె ఉండదు, దళారీ ఉండడు, చేతిలో ఫోను ఉంటే చాలునంటారు. మీ ముఖం చూపించండి, మీ వంటగది చూపించండి, మీ కుటుంబ కథ చెప్పండి, కొన్నవారు మిమ్మల్ని విడిచిపోరని సలహాదారులు బోధిస్తున్నారు. సలహా మంచిదే. అయితే అది ఎవరి ముఖానికి, ఎవరి వంటగదికి, ఎవరి కథకు పనికొస్తుందన్న ప్రశ్నను వారు లేవనెత్తరు. పచ్చళ్లు, పొడులు, పిండివంటలు అమ్ముకుని నిలదొక్కుకోవాలనుకునే దళిత కుటుంబానికి మొట్టమొదట ఎదురయ్యేది ఆ ప్రశ్నే.

ఇది ఫోన్లతో పుట్టిన ప్రశ్న కాదు. కొలంబియాలోను, లండన్‌లోను అర్థశాస్త్రం చదివి వచ్చిన అంబేడ్కర్ 1917లో బరోడా కొలువు వదిలి బొంబాయి చేరిన తర్వాత, జీవిక కోసం పెట్టుబడులపై సలహాలిచ్చే చిన్న సంస్థను పెట్టుకున్నారు. సలహా ఇచ్చే వ్యక్తి అస్పృశ్యుడని తెలిసేసరికి వచ్చేవారు రావడం మానేశారు. సంస్థ మూతపడింది. ఆయన చదువులో గాని, సలహాలో గాని లోపం లేదు. తెలియకూడని సంగతి కొనుగోలుదారుకు తెలియడమే ఆ వ్యాపారానికి చేటు తెచ్చింది. నేడు ఆ సంగతి తెలియడానికి క్షణం పట్టదు. సొంత బ్యాంకు ఖాతాతో యూపీఐ నడిపే చిన్న అమ్మకందారుకు ఎవరైనా డబ్బు పంపబోతే, ఖాతాలోని పేరు తెర మీద ప్రత్యక్షమవుతుంది. మన నేలపై ఇంటిపేరు, ఊరిపేరు కలిస్తే కులం ఆరా తీయడం ఎంతసేపు?

నిలకడగా ఒకరి దగ్గరే కొనడానికి తెలుగులో ‘వాడుక’ అనే చక్కని మాట ఉంది. పాల వాడుక అంటే ఒకనాటి కొనుగోలు కాదు, ఏళ్ల తరబడి సాగే నమ్మకం. ఆహార వ్యాపారంలో ఆ నమ్మకాన్ని కులం ఎలా నిలబెడుతున్నదో బోర్డులు చదివితే తెలుస్తుంది. శాస్త్రిగారి, శర్మగారి, రెడ్డిగారి, నాయుడుగారి పేర్లతో వెలసిన హోటళ్లు, పచ్చళ్ల కొట్లు లేని పట్టణం అరుదు. అక్కడ బిరుదే ప్రకటన. ఒకచోట అది శుచికి హామీ, మరోచోట ఘాటైన మాంసాహారానికి హామీ. ‘మా అమ్మమ్మ చేతి వంట’ అన్న మాట ఆ బిరుదుల పక్కన చేరితే అమ్మకం పెరుగుతుంది. అదే మాట మాల, మాదిగ ఇళ్ల నుంచి వస్తే, ఏ అమ్మమ్మ అన్న అనుమానం మొదలవుతుంది. ఒకే సలహా ఒకరికి పెట్టుబడిగా, మరొకరికి అడ్డుగోడగా మారుతున్నది.

మాధ్యమాల నిర్మాణం కూడా తటస్థమైనది కాదు. వ్యాపార పేజీల సమాచారం కన్నా బంధుమిత్రులు పంచుకునే విషయాలకే ఎక్కువ చోటిస్తామని 2018 జనవరిలో ఫేస్‌బుక్ ప్రకటించింది. మన దేశంలో బంధువులంటే ఎవరు? 2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతమే. అంటే బంధువుల వరుసలో ప్రయాణించే ప్రచారం చాలావరకు కులం వరుసలోనే ప్రయాణిస్తుంది. అపార్ట్‌మెంటు వాట్సాప్ బృందంలో, విదేశాల్లో స్థిరపడిన తెలుగువారి బృందంలో ‘మావాళ్లు చేస్తున్నారు, తెప్పించుకోండి’ అన్న ఒక్క వాక్యం ఎంతటి ఖరీదైన ప్రకటన కన్నా బలమైనది. ఆ వాక్యం రాయగల బంధుబలగం కొనుగోలు శక్తి ఉన్న ఇళ్లలో దళిత వ్యాపారికి ఎంత ఉంటుంది? అదే సర్వేలో, తమ ఇంట ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తున్నామని దేశవ్యాప్తంగా 27 శాతం కుటుంబాలు స్వయంగా ఒప్పుకున్నాయి. ఒప్పుకోనివారి లెక్క వేరు.

రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణంలోకి, హోటల్లోకి అడుగుపెట్టే హక్కును అందరికీ ఇచ్చింది. ఆర్థిక బహిష్కరణ విధించడం, విధిస్తామని బెదిరించడం 2015లో సవరించిన అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నేరం. కానీ ఎవరికి వారు మౌనంగా కొనకుండా తప్పుకుంటే అది ఏ చట్టానికీ చిక్కదు. దళితుడు కొనుగోలుదారుగా గుమ్మం దాటడానికి చట్టం తోడుంటుంది. అతని గుమ్మంలోకి కొనుగోలుదారు రావడానికి తోడుండేది సమాజమే. 2005 ఆర్థిక గణన ప్రకారం జనాభాలో 16 శాతానికి పైగా ఉన్న షెడ్యూల్డు కులాల చేతుల్లో ఉన్న వ్యాపార సంస్థలు 10 శాతం కూడా లేవు. రుణం ఇవ్వడంతో ఈ వెలితి తీరదు. అప్పు ఇచ్చే బ్యాంకు వాడుకను ఇవ్వలేదు కదా.

మరి పేరు దాచుకోవాలా? రచయిత చంద్రభాన్ ప్రసాద్ 2016లో ‘దళిత్ ఫుడ్స్’ అని బాహాటంగా పేరుపెట్టి మసాలాలు, పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు. అది కొనుగోలుదారు మనస్సాక్షికి నేరుగా వేసిన ప్రశ్న. ఊరిపేరో, పూలపేరో పెట్టుకుని పని చేసుకుపోయేవారూ ఉన్నారు. పొయ్యి వెలిగితేనే పిల్లల చదువు సాగే ఇంట్లో ఆ ఎంపికను పిరికితనమనే హక్కు ఎవరికీ లేదు. పేరు చెప్పడం, చెప్పకపోవడం అమ్మేవారి ఇష్టం కావాలి గాని అవసరం కాకూడదు.

పేరు ఏదైనా, వాడుకను నిలిపే మార్గాలు ఉన్నాయి. రుచి ప్రతిసారీ ఒకేలా ఉండాలి. తూకం, తయారీ తేదీ, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు సీసా మీద స్పష్టంగా కనబడాలి. కులం అడ్డుపెట్టి శుచిని శంకించేవారికి ఆ నంబరే మొదటి జవాబు. పగిలిన సీసాకు అదే రోజు జవాబిచ్చి, బదులు పంపిన వ్యాపారిని కొనుగోలుదారు మరచిపోడు. వాట్సాప్ ప్రసార జాబితాలో 256 మందిని చేర్చవచ్చు. అయితే మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. అపరిచితులైన వేలాది వీక్షకుల కన్నా, నంబరు దాచుకున్న రెండువందల ఇళ్లే విలువైనవి. ఆ ఇళ్ల చిరునామాలు సొంత పుస్తకంలో ఉండాలి. రేపు వేదిక తన పద్ధతి మార్చుకున్నా వ్యాపారం వీధిన పడదు. నాలుగైదు కుటుంబాలు ఒకే ముద్ర కింద కలిసి అమ్మితే, ఒంటరి పేరు మీద పడే అనుమానపు బరువు తగ్గుతుంది, రవాణా ఖర్చూ తగ్గుతుంది.

ఈ వేదికలు వివక్షను మోసుకెళ్లినట్టే ధిక్కారాన్నీ మోసుకెళ్లగలవు. 2024 మార్చిలో జొమాటో శాకాహారం కోసం ఆకుపచ్చ దుస్తులతో ప్రత్యేక దళాన్ని ప్రకటించింది. అన్నం మోసే మనుషుల మధ్య రంగుతో గీత గీస్తారా అని సామాజిక మాధ్యమాల్లో నిరసన చెలరేగడంతో, మర్నాడే ఆ రంగును విరమించుకుంది.

అయితే నిరసన తెలపడం కన్నా కష్టమైన పని ఒకటి మిగిలే ఉంది. అంబేడ్కర్ జయంతి నాడు ఒక దళిత వ్యాపారి పేజీని పంచుకుని, ఒక సీసా తెప్పించుకుని, ఫొటో పెట్టి ఊరుకోవడం తేలిక. అది సంఘీభావమే, సందేహం లేదు. కానీ సంఘీభావంతో ఒక నెల గడుస్తుంది, వ్యాపారం గడవదు. పచ్చడి బాగుంటే, ఆ సీసా అయిపోయిన రోజున ఏ సందర్భమూ లేకుండా మళ్లీ అదే నంబరుకు సందేశం పంపాలి. బాగా లేకపోతే, మరే వ్యాపారికైనా చెప్పినట్టే ఉప్పెక్కువైందని చెప్పాలి. దయ చూపకుండా, దూరం పెట్టకుండా మామూలు కొనుగోలుదారుగా ఉండగలగడమే ఇక్కడ సమానత్వం. బొంబాయిలో అంబేడ్కర్‌కు దక్కనిది అదే.